గట్టి సున్నపురాతి నాడి పట్టే ప్యాకర్

అనకాపల్లి జిల్లా నక్కపల్లి అంటే అందరికీ మందుల కంపెనీలే గుర్తొస్తాయి. అదే జిల్లాలో, సబ్బవరం మండలం వంగలిలో, 2016లో మొదలైన భారత పెట్రోలియం, ఇంధన సంస్థకు సొంత ప్రాంగణం ఉంది. అక్కడ చదివే మన పిల్లలు తప్పక నేర్వవలసిన విద్య ఒకటుంది: వేల అడుగుల లోతున రాయి నాడి పట్టడం.

ఈ విద్య చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. 1927లో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే సోదరుల బృందం బావిలోకి తీగ దింపి తొలి విద్యుత్ లాగ్, అంటే లోతు వెంబడి రాతి గుణాల నమోదు, తీసింది. 1950లలో రాతిపొర ఒత్తిడి కొలిచి, ద్రవం నమూనా తీసే ఫార్మేషన్ టెస్టర్ వచ్చింది. 1970లలో ఒకే దిగుడులో ఎన్నో చోట్ల ఒత్తిడి కొలిచే రిపీట్ టెస్టర్ వచ్చింది.

అసలు పరీక్ష సున్నపురాతి దగ్గరే. ముంబై హైలో చమురు దొరికింది ఈ రాతిలోనే. మన కృష్ణా–గోదావరి బేసిన్‌లోనూ ఈయోసీన్ కాలపు సున్నపురాతి పొర ఒకటి కోనసీమలోని భీమనపల్లి పేరుతో ఉంది. ఈ రాతిని నీరు ఒకచోట కరిగించి తొర్ర చేస్తుంది, పక్కనే బిగుసుకుపోయేలా వదిలేస్తుంది. బిగువు రాతిలో బావి తవ్వేటప్పుడు వాడే బురద (డ్రిల్లింగ్ మడ్) నుంచి చొరబడిన ద్రవం త్వరగా సర్దుకోదు. అందుకే సాధనం అసలు ఒత్తిడి కంటే ఎక్కువ చూపిస్తుంది. దీన్నే సూపర్‌ఛార్జింగ్ అంటారు.

టెస్టర్‌కు ఉండే మామూలు ప్రోబ్ బావి గోడకు ఆనించే నోరు సుమారు చదరపు సెంటీమీటరు. కొన్ని సీసీల ద్రవాన్ని లాగి, ఒత్తిడి తిరిగి ఎక్కే తీరు చూస్తుంది. మంచి రాతిలో దాని చురుకుకు సాటిలేదు. బిగువు రాతిలో మాత్రం పగులు రెండంగుళాల అవతల ఉన్నా దానికి కనిపించదు. గట్టిగా లాగితే ఒత్తిడి బాగా పడిపోయి, చమురులోంచి గ్యాస్ విడిపోయి, నమూనా పాడవుతుంది.

నా ఓటు జంట ప్యాకర్‌కే. రెండు రబ్బరు బెలూన్లు ఉబ్బి దాదాపు మీటరు గోడను వేరు చేస్తాయి. ద్రవం వచ్చే వైశాల్యం ప్రోబ్ కంటే వేల రెట్లు పెరుగుతుంది, తొర్రలూ పగుళ్లూ లెక్కలోకి వస్తాయి. మెల్లగా లాగినా చాలు, రాయి పలుకుతుంది. రబ్బర్ల మధ్య నిలిచే ద్రవం వల్ల ఆలస్యమవుతుంది, సాధనం ఇరుక్కునే భయమూ ఉంటుంది. ఆ చిక్కును చాలావరకు తగ్గించింది చుట్టూ నాలుగు ద్వారాలున్న రేడియల్ ప్రోబ్. అదొక అద్భుతమైన పనితనం! 1951లో హార్నర్ చూపిన గీతపద్ధతితో, పూర్తిగా ఎక్కని ఒత్తిడి నుంచే చివరి విలువను తేల్చే ఇంజినీరును చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇక్కడే కడుపు మండుతుంది. రిగ్గు అద్దె మిగులుతుందని ఒత్తిడి కొలిచే చోట్లు (స్టేషన్లు) తగ్గిస్తారు. రెండు నిమిషాల్లో ఎక్కని ఒత్తిడిని ‘డ్రై’ అని కొట్టిపారేస్తారు. పారగమ్యతను, అంటే రాతిలో ద్రవం పారే వీలును, లాగ్ ఫార్ములాతో అంచనా కట్టి, కొలతలా రిపోర్టులో పెడతారు. అంచనా కొలత కాదు! చమురున్న పొరను ఇలా ఎండుపొరగా రాసి మూసేస్తే, దేశం దిగుమతి చేసుకునే చమురులో ఆ నష్టం కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు.

వంగలిలోనూ, కాకినాడలోనూ పెట్రోలియం బోధించే గురువులకు నా విన్నపం: సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబు కంటే ముందు పిల్లలకు ఒత్తిడి గీతను చేత్తో గీయించండి. రిగ్గు మీద ఉన్న పెద్దలకూ ఒక మాట. బిగువు సున్నపురాతికి ఇంకొక గంట ఇవ్వండి, ప్యాకర్ దింపండి. ఆ గంట ఖర్చు రాసుకునే కాగితం మీదే, ఆ గంటలో తెలిసినదేమిటో కూడా రాయండి.