డాక్టరుగారి సాధన

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు... వీటి మధ్య పాటకు తీరికెక్కడిదని నిట్టూర్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లందరూ శ్రీపాద పినాకపాణి గారి గురించి ఒకసారి తెలుసుకోవాలి. 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన ఆయన వృత్తిరీత్యా వైద్యులు. విశాఖపట్నంలో వైద్యం చదివి, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. కచేరీల మీద బతకాల్సిన అవసరం ఆయనకు లేదు. అయినా 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయన్ని సంగీత కళానిధిని చేసింది. మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది.

బిరుదులకన్నా పెద్ద విషయం ఆయన శిష్యవర్గం. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, మల్లాది సూరిబాబు అందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. రోగుల్ని చూసుకుంటూ, వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూ ఒక మనిషి ఇంత పని ఎలా చేయగలిగారు?

ఆయన వినికిడిలోనే దీనికి జవాబుంది. తమిళనాట వికసించిన గాయక బాణీని ఆయన చెవులప్పగించి విన్నారు. ఆనందించి ఊరుకోలేదు. ఏ స్వరం ఎక్కడ ఎలా కదిలిందో పట్టుకున్నారు, కాగితం మీద పెట్టారు, శిష్యుల గొంతుల్లోకి ఎక్కించారు.

కాగితం మీద పెట్టడం తేలికని కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లెవరూ అనరు. తోడి రాగంలో గాంధారాన్ని స్వరలిపిలో ‘గ’ అని ఒక్క అక్షరంతో రాస్తాం. పాడేటప్పుడు ఆ గాంధారం నిలబడదు, అటు రిషభం వైపూ ఇటు మధ్యమం వైపూ ఊగుతుంది. ఆ ఊపులోనే తోడి ఉంది. శంకరాభరణంలో గాంధారమైతే చాలాచోట్ల నిలకడగా పలుకుతుంది. రాసే అక్షరం రెండింటికీ ఒకటే, పాడే తీరు వేరు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు (ఇలాంటి ఊపులకు) విడిగా గుర్తులు పెట్టింది ఇందుకే. స్వరాన్ని కాగితం మీదికి తేవాలంటే ముందు దాన్ని ముక్కలుగా వినగలగాలి. అలా వినే కొద్దీ చెవి పదునెక్కుతుంది. చెవి పట్టుకోని గమకాన్ని గొంతు ఎన్ని గంటలు సాధన చేసినా పలకలేదు.

గంటల లెక్క మీద మనవాళ్లకు మోజెక్కువ. ఫలానా విద్వాంసుడు రోజుకు ఇన్ని గంటలు సాధన చేశాడని గొప్పగా చెప్పుకుంటారు. ఆ గంటల్లో ఆయన ఏం విన్నాడో, దేన్ని దిద్దుకున్నాడో మాత్రం అడగరు. తప్పును గమనించకుండా వందసార్లు పాడితే ఆ తప్పే గట్టిపడుతుంది.

సరళి వరసలనే చూడండి. మాయామాళవగౌళలో, ఆది తాళంలో పిల్లలు మొదట నేర్చే పాఠం అది. మొదటి వరసలో ఆరోహణ, అవరోహణ కలిపి పదహారు స్వరాలు. మొదటి కాలంలో తాళంలోని ఒక్కో అక్షరానికి ఒక స్వరం కాబట్టి రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు, పడతాయి. రెండో కాలంలో ఒకే ఆవర్తనంలో పూర్తవుతుంది. మూడో కాలంలో అర ఆవర్తనానికే అయిపోతుంది కనుక రెండుసార్లు పాడి ఆవర్తనం నింపాలి. పాట ఇంత వేగం పుంజుకున్నా తాళం వేసే చెయ్యి మాత్రం మొదటి నడకనే నడవాలి. చాలామంది పిల్లలకు పాటతోపాటు చెయ్యీ పరిగెడుతుంది. మంచి గురువు వెంటనే పాట ఆపి మళ్లీ మొదటి కాలానికి తీసుకెళతారు. ఎక్కడ తడబడ్డామో ఆ ముక్కను విడదీసి, వేగం తగ్గించి, కుదిరాక మళ్లీ అతకడమనే పద్ధతి అక్కడే మొదలవుతుంది. కచేరీ స్థాయికి చేరినవాళ్లు కూడా వర్ణాన్ని రెండు కాలాల్లో సాధన చేసేది ఈ అదుపు కోసమే.

నేదునూరి వారి జీవితంలో ఇంకో పాఠం దొరుకుతుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం నరసింగరావు నాయుడు గారి దగ్గర వయొలిన్, గాత్రం రెండూ నేర్చుకున్న తర్వాత 1949లో ఆయన పినాకపాణి గారి దగ్గర చేరారు. కళాశాల చదువు అయిపోయింది కదా, ఇక పాడుకుంటే చాలు అనుకోలేదు. అప్పటికే ఒక దారిలో పడ్డ గాత్రాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి మళ్లీ దిద్దించుకోవడానికి చాలా వినయం కావాలి, ధైర్యం అంతకన్నా ఎక్కువ కావాలి. ఆయనా 1991లో సంగీత కళానిధి అయ్యారు. అన్నమాచార్య కీర్తనలు ఎన్నింటికో ఆయన కట్టిన వరసలు ఈనాటికీ తెలుగువాళ్ల నోళ్లలో నానుతున్నాయి.

బొమ్మలు వేసేవాళ్లకూ, కథలు రాసేవాళ్లకూ ముక్కలుగా విడదీసి గమనించే ఈ పద్ధతి పనికొస్తుంది. ఇష్టమైన కథను ఒక్క పేజీ చేత్తో ఎత్తి రాసి చూస్తే, వాక్యం ఎక్కడ ఆగిందో, రచయిత ఏ మాట వదిలేశాడో చదివినప్పటికన్నా బాగా తెలుస్తుంది.

పినాకపాణి గారు స్వరలిపిలో రాసిన కృతులు ‘సంగీత సౌరభం’ పేరుతో నాలుగు సంపుటాలుగా ఉన్నాయి, తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ప్రచురించింది. పాట నేర్చుకుంటున్నవాళ్లు అందులోంచి తమకు వచ్చిన కృతినే ఒకటి తీసుకోండి. పుస్తకం ముందు పెట్టుకుని, ఒక పెద్ద విద్వాంసుడు పాడిన రికార్డింగును పల్లవి వరకే వినండి. తర్వాత మీ పల్లవిని ఫోన్‌లో రికార్డు చేసి, రెండూ పక్కపక్కన పెట్టి వినండి. తేడా ఎక్కడ వినిపిస్తే ఆ సంగతి ఒక్కటే రేపటి సాధనకు తీసుకోండి. దానికి అరగంట చాలు, అంత తీరిక ఉద్యోగస్తులకైనా దొరుకుతుంది.