సందేశం ఎట్లా పోతుంది? – మన పరిచయ పాఠాలపై ఒక విమర్శ

ప్రతి సంవత్సరం ఇంటర్మీడియెట్ మొదటి తరగతిలో విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుతాను. హైదరాబాదు రేడియో కేంద్రంలో ఒకరు మాట్లాడితే మెదకులో మనకు వినబడుతుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య గాలిలో ప్రయాణం చేసినది ఏమిటి? ఎక్కువమంది చెప్పే జవాబు "మాట్లాడినవారి గొంతు" అని. కొంచెం బాగా చదివినవారు "ధ్వని తరంగాలు రేడియో తరంగాలపై ఎక్కి వస్తాయి" అంటారు. వీరంతా హైస్కూలులో ఈ పాఠం చదివినవారే. మార్కోనీ, గ్రాహంబెల్, మోర్స్ పేర్లు తడుముకోకుండా చెప్పగలవారే. ఇంత మందికి ఒకే పొరపాటు కలిగినప్పుడు తప్పు పిల్లలదని అనుకోవడానికి వీలు లేదు. వారికి దొరికిన పాఠాన్నే ఒకసారి పరీక్షించవలసి ఉన్నది.

"సమాచార సాధనాలు" అన్న పేరుతోనో, దానికి దగ్గర పేరుతోనో మన పరిచయ గ్రంథాలలో కనిపించే ఈ పాఠం దాదాపు ఎప్పుడూ ఒకే బాట తొక్కుతుంది. పావురంతో మొదలై తపాలా, టెలిగ్రాఫు, టెలిఫోను, రేడియో, టెలివిజను, ఉపగ్రహం, సెల్‌ఫోను వరకు వచ్చి ఆగుతుంది. ఒక్కొక్క సాధనానికి ఒక బొమ్మ, ఒక శాస్త్రజ్ఞుడు, ఒక సంవత్సరం. దీనిలో మంచి లేకపోలేదు. బొమ్మలు ఆకర్షణీయంగా ఉంటాయి, చరిత్ర క్రమం పిల్లలకు గుర్తుంటుంది. కాని ఇది సాధనాల జాబితా మాత్రమే. సందేశం అన్నది ఏమిటి, అది ఒకచోటి నుండి మరొకచోటికి పోయేటప్పుడు ఎన్ని రూపాలు మారుతుంది అన్న అసలు విషయం ఈ వరుసలో ఎక్కడా తగలదు.

మన పల్లెల్లో చాటింపు వేసే పద్ధతిని చూడండి. మొదట డప్పు మోగుతుంది. ఆ దరువులో గ్రామసభ సంగతి లేదు, పన్ను సంగతి లేదు. "ఇప్పుడొక మాట రాబోతున్నది, వినడానికి సిద్ధంగా ఉండండి" అన్నదే దాని అర్థం. జనం తలుపులు తీసి బయటికి వచ్చిన పిమ్మట చాటేవాడు సంగతి చెపుతాడు. చెప్పిన మాటనే తిరిగి చెపుతాడు, వీధి మలుపు తిరిగి మళ్ళీ చెపుతాడు. టెలిఫోను గంట చేసే పని ఈ డప్పు పనే. ఒక కంప్యూటరు మరొక దానికి అంకెలు పంపేముందు "ఇక్కడి నుండి లెక్కపెట్టు" అని తెలిపే కొన్ని గుర్తులను పంపుతుంది, అదీ డప్పే. తిరిగి తిరిగి చెప్పడం ఎందుకో ముందు చూస్తాము. చాటింపును పాత కాలపు వింతగా ఒక బొమ్మకింద పెట్టి దాటిపోయే పాఠం, తన చేతిలోని మంచి ఉదాహరణను తానే పారవేసుకుంటున్నది.

ఇక మాటల సంగతి. ఆంగ్లంలో మూడు వేరు వేరు పదాలున్నచోట మన పుస్తకాలు "సంకేతం" అన్న ఒకే పదంతో సరిపెట్టుకుంటున్నాయి. తీగలో ప్రవహించే విద్యుత్తు మార్పు సంకేతమే. చుక్క, గీతలతో అక్షరాలను సూచించే ఏర్పాటూ సంకేతమే. బడి పుస్తకంలో బలానికి వాడే గుర్తూ సంకేతమే. "సందేశాన్ని సంకేతంగా మార్చి, ఆ సంకేతాన్ని సంకేతాల రూపంలో పంపుతారు" అన్న వాక్యం చదివి పదిహేనేళ్ళ పిల్లవాడు ఏమి గ్రహించగలడు? తీగలోనో గాలిలోనో కదిలేదానిని సిగ్నల్ అని, ముందుగా కుదుర్చుకున్న గుర్తుల ఏర్పాటును కోడు అని వాడుక మాటల్లోనే చెప్పడం నాకు మేలనిపిస్తుంది. రైలు సిగ్నల్ తెలియనివారు మనలో లేరు గదా!

నా ప్రశ్నకు తప్పు జవాబు ఎక్కడ పుట్టిందంటే, "ధ్వని దూరం పోలేదు కాబట్టి దానిని రేడియో తరంగంతో కలిపి పంపుతారు" అన్న వాక్యంలో. ధ్వని ఎక్కడా కలవదు. అది మైక్రోఫోనుదాకా వచ్చి అక్కడే ముగిసిపోతుంది. మైక్రోఫోను ఆ ధ్వని హెచ్చుతగ్గులను విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మారుస్తుంది. మరి ఈ విద్యుత్తు మార్పులనే నేరుగా ఏరియల్‌కు ఇచ్చి ఎందుకు పంపరాదు? లెక్క వేసి చూద్దాము. సెకనుకు 1000 కంపనాలు గల స్వరాన్ని అదే పౌనఃపున్యంతో రేడియో తరంగంగా పంపితే దాని తరంగదైర్ఘ్యం 300 కిలోమీటర్లు. ఏరియల్ సాధారణంగా అందులో నాలుగో వంతైనా ఉండాలంటే 75 కిలోమీటర్ల స్తంభం నిలబెట్టాలి. మెదకు నుండి హైదరాబాదుకు రోడ్డు సుమారు 100 కిలోమీటర్లు. అందులో ముప్పాతిక వంతును పైకి నిలబెట్టినట్లు! మన చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు మాత్రమే. అందుకని 738 కిలోహెర్ట్జ్ వంటి ఎక్కువ పౌనఃపున్యం గల తరంగాన్ని ఎంచుకుంటారు. హైదరాబాదు కేంద్రం మనకు వినిపించినది ఈ అంకె మీదనే. దాని తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు, నాలుగో వంతు 100 మీటర్ల పైచిలుకు. అట్టి స్తంభం కట్టవచ్చును. ఈ వాహక తరంగపు కంపన పరిమితిని గొంతు హెచ్చుతగ్గులకు అనుగుణంగా పెంచుతూ తగ్గిస్తూ పంపుతారు. దీనికే మాడ్యులేషన్ అని పేరు. ప్రయాణం చేసినది గొంతు కాదు, గొంతు ఆకారం.

ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉన్నవారు దీనిని పరీక్షించవచ్చును. ఏదైనా కేంద్రం పలుకుతుండగా, రెండు కార్యక్రమాల నడుమ మౌనంగా ఉన్నప్పుడు చెవి పెట్టి వినండి. రేడియో నిశ్శబ్దంగా ఉంటుంది. ముల్లును పక్కకు తిప్పండి, బుసబుస పెరుగుతుంది. మాట లేనప్పుడు కూడా వాహక తరంగం వస్తూనే ఉన్నదనడానికి ఆ నిశ్శబ్దమే సాక్ష్యం. ఈ చిన్న పరీక్షను ఏ పరిచయ పాఠంలోనూ నేను చూడలేదు.

టెలిగ్రాఫు మన దేశంలో 2013 జూలైలో ముగిసింది. ఇక ఆ భాగాన్ని తీసివేయవచ్చునని కొందరు మిత్రులంటారు. నేను ఒప్పుకోను. కోడు అంటే ఏమిటో చెప్పడానికి టెలిగ్రామును మించినది లేదు. శుభాకాంక్షల టెలిగ్రాములకు ముందే అచ్చువేసిన వాక్యాల పట్టిక ఉండేది. పంపేవారు ఒక అంకె ఎంచుకుంటే చాలు, తీగ మీద ఆ అంకె పోయేది, అవతలి ఆఫీసులో పూర్తి వాక్యం వ్రాసి ఇచ్చేవారు. వాక్యం ప్రయాణం చేయలేదు. రెండు చోట్లా ఒకే పట్టిక ఉండడం వలన అంకె సరిపోయింది. నేటి సెల్‌ఫోనులో తెలుగు అక్షరాలు పోయే తీరూ ఇదే. "మెదకు" అన్న మాట మన కంటికి మూడక్షరాలు. ఫోనుకు మాత్రం మ, ఎత్వం, ద, క, కొమ్ము అని ఐదు గుర్తులు. ఎస్ఎంఎస్‌లో ఒక్కొక్క గుర్తుకు 16 బిట్లు, అంటే మొత్తం 80. అదే పేరును రోమను లిపిలో వ్రాస్తే ఐదక్షరాలు, ఒక్కొక్కదానికి 7 చొప్పున 35 బిట్లే. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 1120 బిట్లు కాబట్టి రోమను లిపిలో 160 అక్షరాలు పోతే, తెలుగులో 70 గుర్తులే పోతాయి. ఈ పొదుపు కోసం మనవారు తెలుగును రోమను అక్షరాల్లో వ్రాయడం అలవాటు చేసుకున్నారు. పొదుపుకు వెల కూడా ఉన్నది. "నాన్నకు కళ్ళు నొప్పి" అని వ్రాస్తే, అవతలివారు "కాళ్ళు" అని చదువుకోవచ్చును. "కల్లు" అని చదివినా ఆపేవారు లేరు. ఏ వైద్యుని దగ్గరికి పోవాలి?

ఈ గందరగోళం అక్షరాలతో వచ్చినది. దారిలో వచ్చేది మరొకటి ఉన్నది, దానిని రొద అంటాము. క్లాడ్ షానన్ అనే అమెరికా గణితజ్ఞుడు 1948లో ప్రకటించిన వ్యాసంలో సందేశం పోయే మార్గాన్ని కొన్ని గడులుగా గీసి చూపాడు: పుట్టుచోటు, ప్రసారిణి, మార్గం, గ్రాహకం, చేరవలసిన చోటు, మార్గం మధ్యలో రొద. రొద ఎంత ఉన్నా, కొంత అదనం చేర్చి, మార్గపు శక్తికి లోబడి పంపితే పొరపాట్లను కోరినంత తగ్గించవచ్చునని ఆయన నిరూపించాడు. చాటింపువాడు మళ్ళీ మళ్ళీ చెప్పేది అట్టి అదనమే. ఆధార్ సంఖ్యలోని చివరి అంకె కూడా అదనమే. ముందరి పదకొండు అంకెల నుండి లెక్కకట్టి పెట్టినది. ఒక అంకె తప్పు పడితే లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది. ఆధార్ సంఖ్య తెలియని విద్యార్థి లేడు. ఆ చివరి అంకె ఎందుకో తెలిసిన విద్యార్థి నాకు ఇంతవరకు కనిపించలేదు. మన పాఠాలలో షానన్ బొమ్మ లేనే లేదు, లేదా రొదను వదలి తక్కిన గడులు మాత్రమే ఉన్నాయి. గుండెకాయ తీసి బొమ్మ గీసినట్లు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఉపగ్రహాల భాగం. అక్కడ రెండు వాక్యాలు, ఒక బొమ్మ. కాని ప్రపంచంలోనే ఉపగ్రహం నుండి నేరుగా పల్లెలలోని టెలివిజను పెట్టెలకు కార్యక్రమాలు పంపిన తొలి పెద్ద ప్రయోగంలో మెదకు జిల్లా గ్రామాలు ఉన్నాయి! 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఆ ప్రయోగానికి సైట్ అని పేరు. ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలతోపాటు మెదకు. ఉపగ్రహం అమెరికా వారిది, ఏటీఎస్-6. భూమి మీది ఏర్పాట్లు, గ్రామాలలోని పెట్టెలు ఇస్రో బాధ్యత. ఉదయం బడి పిల్లలకు, సాయంకాలం ఊరి వారందరికీ కార్యక్రమాలు వచ్చేవి. ఒక చిత్రంతోపాటు రెండు ధ్వని మార్గాలు ఉండడం వలన ఒకే బొమ్మను రెండు భాషలలో వినిపించే వీలుండేది.

దీనిలో ఎంత భౌతికశాస్త్రం ఉన్నదో చూడండి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఉపగ్రహపు ప్రసారిణి శక్తి 80 వాట్లు, ఒక దీపపు బల్బుకు సరిపోయేంత. అంత కొద్ది శక్తి పల్లెదాకా ఎట్లా చేరింది? ఉపగ్రహం గొడుగు వలె విప్పుకొన్న 9 మీటర్ల ఏరియల్ దానిని నాలుగు దిక్కులకు చెదరనీయక మన దేశం వైపు కూడగట్టింది. క్రింద పల్లెలో 10 అడుగుల వెడల్పున, కోళ్ళగూడుకు వాడే జాలీతో చేసిన ఏరియల్ దానిని పట్టుకొన్నది. తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు కాబట్టి జాలీ కన్నాలు దానికి కన్నాలే కావు. రేకుతో పని లేకుండా, గాలికి తట్టుకునే చవకైన జాలీ సరిపోయింది. ఇక చిత్రాన్ని మామూలు టెలివిజను పద్ధతిలో గాక ఎఫ్.ఎం. పద్ధతిలో పంపారు. దానికి ఎక్కువ వెడల్పు గల పౌనఃపున్య పట్టీ కావాలి, కాని తక్కువ శక్తితోనే రొదను గెలవవచ్చును. శక్తి లేనిచోట వెడల్పు ఖర్చు పెట్టడం – షానన్ గణితం చెప్పిన బేరమే ఇది. ఆ సిగ్నల్‌ను మామూలు పెట్టె గ్రహించలేదు. అందుకని పెట్టెకు ముందు దానిని మార్చే ఒక పరికరాన్ని అమర్చారు. ఒక్క ప్రయోగంలో ఏరియల్, తరంగదైర్ఘ్యం, మాడ్యులేషన్, రొద అన్నీ ఉన్నాయి. అదీ మన జిల్లాలో.

ఆ ప్రయోగాన్ని కూడా పొగిడి ఊరుకుంటే విమర్శ కాదు. షానన్ బొమ్మలో బాణాలన్నీ ఒక వైపుకే పోతాయి, సైట్‌లోనూ అంతే. పల్లెవాసికి అర్థం కాకపోతే అడిగే దారి లేదు. గ్రామాలలో మకాం వేసి గమనించిన పరిశోధకులు, సర్వేలు మాత్రమే వెనుకటి దారి. ఆ జవాబు స్టూడియోకు చేరేది మెల్లగానే. సందేశం అర్థమైనదా అన్నది ఇంజనీరు సమస్య కాదని షానన్ స్పష్టంగా చెప్పి తన హద్దు గీసుకున్నాడు. పాఠం వ్రాసేవారు ఆ హద్దును చెప్పకుండా బొమ్మ ఒక్కటే ఇస్తే, గ్రాహకం దగ్గర పని పూర్తి అయినదని విద్యార్థి అనుకుంటాడు. బడిలో ఉపాధ్యాయునికి తెలుసు, పని అక్కడే మొదలవుతుందని. ఆ ఏడాదిలోనే సుమారు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఈ ఉపగ్రహం ద్వారా విజ్ఞానశాస్త్రంలో శిక్షణ ఇచ్చారు. గడువు తీరగానే ఉపగ్రహం తన దారిన వెళ్ళిపోయింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది.

పుస్తకం మారేవరకు ఆగనక్కర లేదు. ఉపాధ్యాయ మిత్రులు ఉపగ్రహం బొమ్మ దగ్గరకు వచ్చినప్పుడు ఈ రెండు ప్రశ్నలను నల్లబల్ల మీద వ్రాయవచ్చును. సిగ్నల్ 36,000 కిలోమీటర్లు పైకి పోయి, అంత దూరమే క్రిందికి రావడానికి ఎంత కాలం పడుతుంది? చూస్తున్న పల్లెలోని పిల్ల ఒక సందేహం అడిగి జవాబు వినాలంటే, అదే దారిలో, కనీసం ఎంత? మొదటిదానికి జవాబు 0.24 సెకను. రెండవదానిని పిల్లలనే లెక్కకట్టనివ్వండి. 1975లో ఆ పిల్లకు ఆ దారి ఉన్నదా అని కూడా అడగండి.