కొండదారి వాహనాల ముందు ఇరుసు: రెండు పద్ధతుల తారతమ్యం

ఎడ్లబండి చక్రాలు రెండూ ఒకే ఇరుసునకు అమరి ఉంటాయి. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసంతా వాలుతుంది, దానితోపాటు బండి కూడ వాలుతుంది. మోటారు వాహనంలో ఇరుసునకూ బండికీ మధ్య స్ప్రింగులు ఉన్నందువలన ఇరుసు వాలినంతగా బండి వాలదు. రాళ్లలో, బురదలో, వాగులలో నడిచే వాహనాలకు ముందు చక్రాలు రెండింటినీ ఇట్లా ఒకే ఇరుసుతో కలపడం మేలా, లేక దేనికది విడిగా వేలాడదీయడం మేలా అన్నది ఇంజనీర్ల మధ్య చిరకాలంగా ఉన్న వివాదం. వ్యాపార ప్రకటనలలో రెండవ పద్ధతి ఆధునికమనీ, మొదటిది పాతదనీ చెప్పడం పరిపాటి. కాని యంత్రం యోగ్యతను దాని వయస్సును బట్టి కాక అది చేయవలసిన పనిని బట్టి నిర్ణయించవలెను.

1941లో వచ్చిన విల్లీస్ జీపుకూ, 1948లో వచ్చిన లాండ్ రోవర్‌కూ ముందూ వెనుకా దృఢమైన ఇరుసులే, వాటిపై కమాను పట్టీలే. 1970లో రేంజ్ రోవర్ ఇరుసును అట్లాగే ఉంచి, కమాను పట్టీల స్థానంలో పొడవైన చుట్ట స్ప్రింగులను అమర్చింది. కమాను పట్టీ బరువు మోయడమే కాక ఇరుసును పట్టి ఉంచే పని కూడ చేస్తుంది. చుట్ట స్ప్రింగు బరువును మాత్రమే మోయగలదు. కనుక ఇరుసు ముందుకూ వెనుకకూ జరగకుండా రెండు చేతులూ, పక్కకు జరగకుండా పానార్డ్ కడ్డీ అనే అడ్డకడ్డీ అవసరమైనవి. ఈ మార్పు వలన చక్రాలు పైకీ కిందికీ ఆడే పరిధి పెరిగింది.

విడి పద్ధతిలో ప్రతి చక్రానికీ పైన ఒకటి, కింద ఒకటి విష్‌బోన్ చేతులు ఉంటాయి. డిఫరెన్షియల్ చక్రాలతో కాక వాహనపు చట్రంతో బిగించి ఉంటుంది. ఇందువలన కలిగే భేదాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చును. చక్రం వ్యాసం 76 సెంటీమీటర్లు అనుకొంటే దాని కేంద్రం నేలకు 38 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. డిఫరెన్షియల్ పెట్టె అడుగు ఆ కేంద్రానికి 16 సెంటీమీటర్లు కిందుగా ఉంటే, నేలకూ దానికీ ఎడము 22 సెంటీమీటర్లు. వాహనం గుంతలో దిగి స్ప్రింగులు 10 సెంటీమీటర్లు అణగినా ఇరుసు చక్రాలతోనే ఉంటుంది కనుక దాని కింద ఎడము 22గానే నిలుస్తుంది. విడి పద్ధతిలో పెట్టె చట్రంతోపాటు దిగుతుంది. ఎడము 12కు పడిపోతుంది. ఒక చక్రం 30 సెంటీమీటర్ల రాయి ఎక్కినప్పుడు ఇరుసు నడిమి భాగం 15 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే అడ్డంకి ఎదురైన చోటనే ఇరుసు తనను తాను పైకెత్తుకొంటుంది. పెట్టె నడిమధ్యన కాక పక్కకు ఉంటే ఈ లెక్క కొంత మారుతుందే గాని సూత్రం మారదు. ప్రకటనలలో కనిపించే నేల ఎడము అంకెలు వాహనం నిశ్చలంగా ఉన్నప్పుడు కొలిచినవి. కదిలే వాహనం సంగతి అవి చెప్పవు.

ఇరుసునకు మరొక గుణం ఉన్నది. తక్కెడలో ఒక పళ్లెం లేస్తే రెండవది దిగినట్లు, ఒక చక్రం పైకి నెట్టబడినప్పుడు అదే బలం రెండవ చక్రాన్ని నేలకు నొక్కుతుంది. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న వాహనంలో ఒక చక్రం గాలిలోకి లేస్తే ఆ చక్రమే వృథాగా తిరుగుతుంది, నేలపై ఉన్న చక్రానికి చాలినంత బలం అందదు. కనుక చక్రాలు నేలను విడవకుండా ఉండడం కొండదారిలో ప్రధానం. విడి పద్ధతిలో చక్రం దిగగల దూరం చేతుల పొడవుకూ, కీళ్లు వంగగల కోణానికీ లోబడి ఉంటుంది. పైగా ఆ పద్ధతిలో ముందు కీళ్లు నాలుగు, ఇరుసులో రెండే. కీలును కప్పే రబ్బరు తొడుగు చిరిగి బురద చొరబడితే కీలు త్వరలోనే అరుగుతుంది.

ఇంతమాత్రాన ఇరుసునకు దోషాలు లేవనరాదు. డిఫరెన్షియల్, దాని పళ్ల చక్రాలు, గొట్టాలు అన్నీ చక్రాలతోపాటు ఎగిరిపడతాయి. స్ప్రింగులపై ఆనని ఈ బరువు ఎంత ఎక్కువైతే, వేగంలో చక్రం రోడ్డును అంటిపెట్టుకొని ఉండడం అంత కష్టం. తిరుగుతున్న చక్రాన్ని వాల్చితే అది బొంగరం వలె మరొక దిశకు తిరగజూస్తుంది. ఇరుసు వాలినప్పుడు జరిగేది ఇదే. అరిగిన కీళ్లు దీనికి తోడైతే స్టీరింగు చక్రం చేతిలో భయంకరంగా వణకుతుంది. 1934 మోడళ్లలో జనరల్ మోటార్స్ తన కార్ల ముందు ఇరుసును వదలివేయడానికి ఇటువంటి వణుకు కూడ ఒక కారణం. ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన ఈ దోషాన్ని ఇరుసు అభిమానులు తేలికగా తీసివేయరాదు.

తయారీదారుల నిర్ణయాలు కూడ ఈ ద్వైధీభావాన్నే చూపుతున్నవి. టొయోటా 1998లో లాండ్ క్రూజర్ 100కు ముందు విడి పద్ధతిని పెట్టింది. కాని కఠిన ప్రదేశాల కోసం ఇరుసు గల 105ను కూడ అమ్మింది. మెర్సిడెస్ జీ-క్లాస్ 1979 నుండి పెట్టుకొన్న ముందు ఇరుసును 2018లో విడిచింది, వెనుక ఇరుసును మాత్రం విడువలేదు. మహీంద్రా థార్ 2020లో ముందు విష్‌బోన్‌లతో వచ్చింది. 2023లో భారతదేశంలో విడుదలైన సుజుకీ జిమ్నీకి ముందూ వెనుకా ఇరుసులే.

మధ్యేమార్గాలూ లేకపోలేదు. అమెరికా సైన్యపు హమ్వీ విడి పద్ధతిదే. అయినా చక్రపు కేంద్రాల వద్ద పళ్ల చక్రాలు అమర్చి ఇరుసు కడ్డీలను పైకి జరిపినందువలన దాని ఎడము సుమారు 40 సెంటీమీటర్లు. రెండు చక్రాల నడుమ నిలిచిన రాయిని దాటడంలో మామూలు ఇరుసు దీనికి సాటిరాదు. ఎందుకనగా ఇరుసు కింద ఎడము పెరగవలెనంటే ఇటువంటి పళ్ల చక్రాలైనా ఉండవలెను, లేదా టైర్లైనా పెద్దవి కావలెను. 2004లో వచ్చిన డిస్కవరీ 3 కుడి ఎడమల గాలి స్ప్రింగులను కవాటాల ద్వారా కలిపి, ఒక చక్రం లేస్తే రెండవది దిగేటట్లు చేసింది. ఇరుసును కాదన్న పద్ధతి ఇరుసు గుణాన్నే అరువు తెచ్చుకొన్నదన్నమాట.

కనుక తీర్పు ఏకపక్షంగా ఉండరాదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో రోడ్డుపై ఎక్కువ కాలం తిరిగి, అప్పుడప్పుడు మట్టిదారి తొక్కే వాహనానికి విడి పద్ధతే క్షేమం. ఎగుడుదిగుడు ఎడారిలో వేగంగా పోవడానికీ అదే తగినది. రాళ్ల మధ్య నడకవేగంతో పాకుతూ, మరమ్మతు దుకాణానికి దూరంగా, బరువుతో పనిచేయవలసిన వాహనానికి ఇరుసే నమ్మదగినది. అడవిలో రోగిని మోసుకొచ్చే బండి వాగు మధ్య ఆగిపోతే ప్రకటనలోని ఆధునికత దానిని ఒడ్డుకు చేర్చదు. అదే బండి పెద్దరోడ్డుపై మలుపులో అదుపు తప్పితే కొండలు ఎక్కిన ఖ్యాతీ రక్షించదు. కొనేవారు ముందుగా అడగవలసినది ఏ పద్ధతి కొత్తదని కాదు, బండి తన జీవితకాలంలో ఎక్కువ భాగం ఏ దారిన నడుస్తుందని.