రేసు తెలిసినవాళ్లు తెవికీలో రాయాలి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం పక్కగా, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా విద్యుత్ కార్లు పందెంలో పరుగు తీశాయి. మన దేశంలో జరిగిన తొలి ఫార్ములా-ఈ రేసు అది. చుట్టు పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. అందరికన్నా ముందు నిలబడి బయల్దేరిన మిచ్ ఇవాన్స్‌ను అతని జట్టు సహచరుడు సామ్ బర్డే గుద్దడంతో ఇద్దరి ఆశలూ అక్కడే పోయాయి. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్, తన బ్యాటరీలో మిగిలిన శక్తి వెనక తరుముతున్న నిక్ కాసిడీ కన్నా తక్కువగా ఉన్నా, చివరి చుట్లలో దారి వదలకుండా గెలిచాడు. ఇంత విషయం ఉన్న రేసు గురించి ఇవాళ బాన్సువాడలో ఒక ఇంటర్ విద్యార్థి ఫోనులో తెలుగులో వెతికితే ఎక్కువగా ఎదురయ్యేవి రేసు చెల్లింపుల మీద ఆ తర్వాత నడిచిన కేసు వార్తలే. ఎవరు ఎవరిని ప్రశ్నించారో, ఎవరు ఏమని బదులిచ్చారో తేదీలవారీగా దొరుకుతుంది. రేసు ఎలా నడిచింది, శక్తిని పొదుపు చేయడం ఆ పందెంలో ఎందుకంత కీలకం, ఫలితం ఎలా ఖరారైంది అన్నవి మాత్రం ఇంగ్లీషులో చదువుకోవాల్సిందే. పత్రికల పని రోజుతో ముడిపడింది కాబట్టి ఈ వెలితికి వాటిని తప్పుపట్టలేం. దీన్ని పూడ్చాల్సింది రేసింగ్ తెలిసిన తెలుగువాళ్లు. పూడ్చే చోటు తెలుగు వికీపీడియా (తెవికీ). అయితే తెలిసింది తెలిసినట్టు అక్కడ కుమ్మరిస్తే పని జరగదు. ఆ చోటుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. వాటికి లోబడినప్పుడే అభిమాని తెలివిడి పదిమందికీ పనికొచ్చే జ్ఞానమవుతుందని నా వాదన.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయాలన్న తపన కొత్తది కాదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు వందేళ్లకు ముందే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, ఒక్కో అంశానికి పండితుల్ని వెతికి, రాయించి, తానూ రాసి సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన పోయేనాటికి ఆ పని 'అ' అక్షరం దగ్గరే ఉంది. తర్వాత ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం వచ్చింది. ఆ సంపుటాలు చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ అచ్చయిన పుటను దిద్దలేం. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెవికీలో ఆ ఇబ్బంది లేదు. దీనికి మంచి నిదర్శనం ఊళ్ల వ్యాసాలు. 2016 అక్టోబరు 11న బాన్సువాడ నిజామాబాద్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడ్డ కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఒక్క బాన్సువాడే కాదు, రాష్ట్రమంతటా మండలాలూ జిల్లాలూ మారాయి. అచ్చు పుస్తకమైతే ఆ ఒక్క రోజుతో పాతబడిపోయేది. తెవికీలో మాత్రం వాడుకరులు ప్రభుత్వ ఉత్తర్వులు ముందు పెట్టుకుని ఊరి తర్వాత ఊరు, మండలం తర్వాత మండలం దిద్దుకుంటూ వచ్చారు. జీతం లేదు, పేజీ మీద పేరు ఉండదు. ఉత్తర్వు చదవడం తెలిసినవాళ్లు, ఆ ప్రాంతం తెలిసినవాళ్లు చేయబట్టే అయింది. ఊళ్ల విషయంలో సాధ్యమైంది రేసింగ్ విషయంలో ఎందుకు కాదన్నదే నా ప్రశ్న.

రేసింగ్ వ్యాసానికి ప్రత్యేకమైన ఎరుక కావాలి. ఎందుకంటే ఇందులో కంటితో చూసింది కూడా నిజం కాకపోవచ్చు. హైదరాబాద్ రేసులో మూడోవాడిగా గీత దాటింది సెబాస్టియన్ బ్యూమీ. అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడాడని నిర్వాహకులు అతనికి పెనాల్టీ వేశారు, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. రేసు ముగిసిన నిమిషంలో రాసినవాడు ఒక పేరు రాస్తాడు, తుది ఫలితం వచ్చాక రాసినవాడు మరో పేరు రాస్తాడు. రెండూ వార్తలే, విజ్ఞాన సర్వస్వానికి పనికొచ్చేది రెండోదే. ఫార్ములా వన్‌లో ఇంకో చిక్కుంది. గెలిచిన కారు తిరిగిన దూరంలో 90 శాతం పూర్తిచేసిన డ్రైవరు చివరి చుట్టులో కారు ఆగిపోయి నడిచి వెళ్లిపోయినా అతనికి ఫలితాల్లో స్థానం ఉంటుంది. అందుకే ఇంగ్లీషు వికీపీడియా పట్టికల్లో అలాంటి స్థానం పక్కన కత్తి గుర్తు పెడతారు. విజేతకు బంగారు రంగు, రెండు మూడు స్థానాలకు వెండి, కంచు రంగులు, పాయింట్లు తెచ్చిన మిగతా స్థానాలకు ఆకుపచ్చ, పాయింట్లు రాని స్థానానికి నీలం, మధ్యలో ఆగిపోతే ఊదా రంగు వేస్తారు. పోల్ నుంచి, అంటే అందరికన్నా ముందు నిలబడి బయల్దేరితే అక్షరాలు లావుగా, అతివేగపు చుట్టు తీస్తే వాలుగా ఉంటాయి. ఈ పద్ధతి తెలిసినవాడికి ఒక డ్రైవరు వృత్తి జీవితమంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఏళ్ల తరబడి చర్చాపేజీల్లో వాదించుకుని స్థిరపరచుకున్న సంప్రదాయమిది.

ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ ఉంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది, మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. చుట్టు 5.125 కిలోమీటర్లు, చుట్లు 60. గుణిస్తే 307.5 కిలోమీటర్లు రావాలి. అధికారిక రేసు దూరం మాత్రం 307.249. లెక్కలు వచ్చి రేసింగ్ తెలియని మనిషి దీన్ని చూసి, పొరపాటు పడ్డారనుకుని మంచి మనసుతోనే 'సరిదిద్దుతాడు'. బయల్దేరే గీత, ముగింపు గీత ఒకటే కావని, వాటి మధ్య ఎడమే ఆ తేడా అని తెలిసినవాడు దాన్ని మళ్లీ యథాస్థితికి తెచ్చి, కారణం చర్చాపేజీలో రాస్తాడు. ఒక అంకె నిలబడటం వెనక ఇంత ఉంటుంది. అంకె సరైనదైనా సందర్భం లేకపోతే అర్థం తప్పే సంగతులూ ఉన్నాయి. 2005లో నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. ఆ ఏడాది జూన్ 19న ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానంతో అయిదు పాయింట్లు తెచ్చాడు. ఇంతవరకే రాస్తే అబద్ధం లేదు, కానీ నిజం సగమే. టైర్ల భద్రత మీద నమ్మకం లేక మిషలిన్ టైర్లు వాడే 14 కార్లూ సన్నాహక చుట్టు తర్వాత తప్పుకున్నాయి. పందెంలో మిగిలినవి ఆరే. ఈ మాట చెప్పడం కార్తికేయన్‌ను తక్కువ చేయడం కాదు. మిగిలిన కారుతో పందెం పూర్తి చేయడమూ పనే. చెప్పకుండా దాచడమే పాఠకుణ్ని తక్కువ చేయడం.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మూలం చూపించనిదే వాక్యం నిలబడదని, సొంత పరిశోధన పనికిరాదని వికీపీడియా నియమం. అలాగైతే ఇరవై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్ తెలివికి అక్కడ విలువేముంది, పుస్తకం చూసి రాసేవాడికే పెద్దపీటా అని అడుగుతారు. బాన్సువాడ బస్టాండు చుట్టుపక్కల షెడ్లలో బైకు చప్పుడు విని జబ్బు చెప్పగలవాళ్లుంటారు. వాళ్ల అనుభవం అచ్చులో లేదు కాబట్టి వ్యాసంలోకి రాదు. ఇది నిజమైన నష్టమే, దీన్ని ఒప్పుకోవాలి. కానీ నియమం ఎత్తేస్తే ఏమవుతుంది? ఆ షెడ్డువాడి అనుభవంతో పాటు, ఏమీ తెలియకుండా ధాటిగా మాట్లాడేవాడి మాటా అదే పేజీలో అదే బరువుతో కూర్చుంటుంది. వీళ్లలో ఎవరు ఎవరో దూరాన ఉన్న పాఠకుడికి తెలిసే దారి లేదు. మూలం అడగడం రాసేవాణ్ని అనుమానించడం కాదు, పాఠకుడికి సరిచూసుకునే హక్కు ఇవ్వడం. పైగా అనుభవజ్ఞుడి అసలు విలువ మూలాలను ఎంచడంలో బయటపడుతుంది. కంపెనీ విడుదల చేసిన ప్రకటన ఏది, స్వతంత్ర విలేకరి రాసింది ఏది, అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ తుది పత్రం ఏది, తయారీదారు చెప్పుకున్న హార్స్ పవర్ ఎక్కడ నమ్మదగింది కాదు అన్నవి తెలిసినవాడే చెప్పగలడు. తెలియనివాడు పది మూలాలు పెట్టినా పదీ ఒకే ప్రకటనకు నకళ్లు కావచ్చు.

అభిమాని నిష్పాక్షికంగా రాయగలడా అన్నది రెండో సందేహం. రాయగలడు, వాక్యం కట్టే తీరు నేర్చుకుంటే. హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు ఆ జనవరిలో రద్దయింది. అప్పటికే ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని నెరవేర్చలేదని ఫార్ములా-ఈ సంస్థ ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో, రేసు కోసం జరిపిన చెల్లింపుల్లో అక్రమాలున్నాయన్న ఆరోపణ మీద అవినీతి నిరోధక శాఖ మాజీ మంత్రి కె. తారక రామారావు మీద, మరికొందరి మీద కేసు పెట్టింది. ఆరోపణలను ఆయన తోసిపుచ్చారు. ఇప్పుడు నేను రాసిన వరస గమనించండి. ఎవరు అన్నారో ఉంది, ఎప్పుడన్నారో ఉంది, ఆరోపణను ఆరోపణ అనే చెప్పాను, జవాబు పక్కనే ఉంది. రేసు నగరానికి గొప్ప పేరు తెచ్చిందనో, ప్రజాధనం వృథా అయిందనో తీర్పు లేదు. తెవికీ అడిగే తటస్థ దృక్కోణం అంటే ఇదే. దీన్ని చప్పిడి రాత అని కొందరు విసుక్కుంటారు. రెండు పార్టీలవాళ్లూ చదివి ఒక్క మాట కొట్టేయలేని పేరా రాయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుస్తుంది. అభిమానం ఉన్నవాడు దాచాలనుకునేవి కూడా రాయాలి. 2022 నవంబరులో ఇదే దారి మీద ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి అంచె ప్రధాన రేసులు జరగకుండానే ముగిసింది. ఆ సంగతి లేని సర్క్యూట్ వ్యాసం అసంపూర్ణం.

ఇంగ్లీషులో ఇదంతా ఉండగా తెలుగులో ఎందుకు అని అడిగేవాళ్లకు, యంత్రం చేత అనువాదం చేయించుకోవచ్చు కదా అనేవాళ్లకు కలిపి ఒకే సమాధానం ఉంది. 2009-11 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో ఇంగ్లీషు వ్యాసాలను తెవికీలోకి తెచ్చే పని చేపట్టింది. వ్యాసాల సంఖ్య పెరిగింది కానీ వాటిలో చాలావాటిని తెలుగు చదవడం వచ్చినవాళ్లే చదవలేకపోయారు. చివరికి బాగుచేయడం సాధ్యం కానివాటిని సముదాయమే తొలగించాల్సి వచ్చింది. ఇప్పటి యంత్రాలు అప్పటికన్నా ఎంతో మేలు. అయినా హైదరాబాద్ రేసు గురించి తెలుగు పాఠకుడికి ముందు ఏం చెప్పాలో ఎంచేది మనిషే. ఇంగ్లీషు వ్యాసం ప్రపంచ పాఠకుడి కోసం రాసింది. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్ మధ్య రోడ్డు మలుపు ఎలా ఉంటుందో తెలిసిన పాఠకుడి కోసం కాదు. పిట్, పోల్, ల్యాప్ లాంటి మాటలు టీవీ ముందు కూర్చునే పిల్లలకు తెలిసినవే. వాటిని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో అర్థం చెబితే చాలు.

ఎవరైనా వచ్చి చెడగొట్టవచ్చు కదా అన్న భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రతి దిద్దుబాటూ పేజీ చరిత్రలో నమోదవుతుంది, ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. అసలు ప్రమాదం చెడగొట్టేవాళ్లు రావడం కాదు, ఎవరూ రాకపోవడం. రెండు వాక్యాలతో పుట్టిన మొలక వ్యాసం ఏళ్ల తరబడి మొలకగానే ఉండిపోతుంది. ఒక్కడు రాస్తే ఎంతవుతుందనే నిరుత్సాహానికి తెవికీ వాడుకరి ప్రణయ్‌రాజ్ వంగరి 2016-17లోనే జవాబిచ్చాడు. రోజుకొక వ్యాసం చొప్పున ఏడాది పొడవునా రాసి వికీవత్సరం పూర్తి చేశాడు. రేసింగ్‌కు అన్ని వ్యాసాలు కూడా అక్కర్లేదు. దేశంలోని సర్క్యూట్లు, ఫార్ములా వన్ దాకా వెళ్లిన ఇద్దరు భారతీయులు, హైదరాబాద్ రేసు, ఫార్ములా-ఈ నియమాలు, టైర్లు, బ్యాటరీలు కలిపి ఒక ముప్పై నలభై మంచి వ్యాసాలుంటే తెలుగులో ఈ విషయానికి పునాది పడినట్టే. ఊళ్లో జరిగే ప్రతి బైకు పోటీకి వ్యాసం కావాలని పట్టుబట్టకూడదు. స్వతంత్ర మూలాలు లేనిదానికి విషయ ప్రాధాన్యత ఉండదు, అది న్యాయమే.

మొదలుపెట్టడానికి ఖాతా కూడా తప్పనిసరి కాదు. ఉంటే మాత్రం మీ దిద్దుబాట్లు మీ పేరిట ఒకచోట ఉంటాయి, ఇతరులు మీతో మాట్లాడగలుగుతారు. సందేహం వస్తే తెవికీ చర్చావేదిక అయిన రచ్చబండలో అడగండి, జవాబిచ్చేవాళ్లున్నారు. 2023 ఫిబ్రవరి 12 నాటి తెలుగు పత్రికల క్రీడా పుటలు మీ ఇంట్లోనో, ఊరి గ్రంథాలయంలోనో ఉంటే పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య రాసి సంబంధిత వ్యాసం చర్చాపేజీలో పెట్టండి. ఆ రోజు మీరే తీసిన ఫొటోలుంటే స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించండి.