ఊరి సంగిడి, తాతల పట్టు

ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికో, అమ్మవారి పండగకో సంగిడీల పోటీ, అంటే బరువైన గుండురాళ్లెత్తే పోటీ, పెడతారు. ఏడాది పొడుగూతా గుడి పక్కన ఎండకీ వానకీ పడి ఉన్న రాయే ఆ రోజు పసుపు రాసుకుని, కుంకుమ బొట్టుతో జనం మధ్యకి వస్తుంది. బరువెంతో కిలోల్లో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. ఎవరు భుజానికెత్తారో, ఎవరికి మోకాళ్ల దగ్గరే జారిపోయిందో మాత్రం పెద్దవాళ్లు పేరుపేరునా చెబుతారు. మనవడు తన బలాన్ని తాత బలంతో సరిచూసుకోవడానికి ఊళ్లో ఇంకో వస్తువు లేదు. పాత సాము సరంజామా మీద మమకారమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఈ రాయి ఎత్తడం ఒక విద్య. బార్‌బెల్‌కి రెండు వైపులా బరువు సమానం, పట్టుకోను కడ్డీ ఉంటుంది. గుండురాయికి ఒక పక్క మొగ్గు, ఒక పక్క నునుపు. అందుకే ముందు దొర్లించి చూస్తారు, పట్టు ఎక్కడ దొరుకుతుందో వేళ్లతో వెతుకుతారు. చెమటకి జారకుండా అరచేతులకి మట్టి రాసుకుంటారు. కాళ్లు ఎడంగా పెట్టి, రాయిని పాదాల మధ్యకి తెచ్చుకుని, మొదట తొడల మీదికి లాక్కుంటారు. అక్కడ క్షణం ఆగి, పట్టు మార్చుకుని, ఊపిరి బిగించి, నడుము ఊపుతో గుండెల మీదికి, అక్కణ్ణుంచి భుజానికి. ఒట్టి చేతుల బలాన్ని నమ్ముకున్నవాడు తొడల దగ్గరే ఆగిపోతాడు.

సాములో తిప్పే చెక్క గదది మరో పద్ధతి. భుజం మీదుగా వీపు వెనక్కి వదిలి, మోచెయ్యి పైకే ఉంచి, లోలకంలా తిరిగొచ్చే ఊపుని అందుకుని ముందుకి తేవాలి. తొందరపడితే భుజం పట్టేస్తుంది. ఏళ్ల తరబడి తిప్పిన గద పిడిని దగ్గరగా చూడండి. పట్టుకునే చోట సన్నబడి, చెమటా నూనే ఇంకి నల్లగా మెరుస్తుంటుంది. కొత్త కుర్రాడి చెయ్యి ఆ సన్నటి చోటే కుదురుకుంటుంది, గురువు నోరు విప్పకుండానే.

వీరఘట్టంలో పుట్టి, చాతీ మీదికి ఏనుగునెక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడిది ఈ ఉత్తరాంధ్రే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. బరువెత్తేవాళ్లని ఊరంతా నిలబడి మెచ్చుకునే నేల కాబట్టే ఇక్కడ పిల్లలకి ఇనుమంటే బెరుకు లేదనుకుంటాను.

వ్యాయామశాలల్లోకి కొత్త మెషీన్లు రాగానే పాత గదల్నీ ఇనుప గుండ్లనీ తూకానికి అమ్మేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇనుముకి తుప్పు గీకి పల్చగా కొబ్బరినూనె రాయాలి, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకాస్త తరచుగా. చెక్కని ఎండలో పెడితే పగులుతుంది. రంగు మాత్రం వెయ్యొద్దు, పట్టు జారుతుంది, అరిగిన గుర్తులు మూసుకుపోతాయి. దసరా ఆయుధపూజలో వాటికీ చోటివ్వండి. బొట్టు పెట్టాక మళ్లీ మూలకి నెట్టకుండా, వచ్చిన కుర్రాళ్లలో ఒకడిచేత ఎత్తించండి.