మూడు రేకుల లెక్క

గూడూరు వైపు నుంచి ఒక పాఠకురాలు ఈ వారం అరచేయంత అభ్రకం రేకు పంపారు. చేతిపని మీద నాకున్న పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందేగా! అంచున గోరు పెట్టగానే పల్చటి పొర లేచొచ్చింది. రెండు పోలరాయిడ్ కళ్లద్దాలను అడ్డంగా నిలిపి వెలుగును ఆపేసి, మధ్యలో ఆ పొర దూర్చాను. చీకటి పోయి వెలుగొచ్చింది. పొరను ఒక చుట్టు తిప్పితే నాలుగుసార్లు మళ్లీ చీకటి. పొర అదే, మందమూ అదే. మారింది దిక్కొక్కటే.

అభ్రకంలో కాంతి ఒక దిక్కున కంపిస్తే ఒక వేగం, దానికి అడ్డంగా కంపిస్తే ఇంకో వేగం. తగిన మందానికి చీలిస్తే ఒక కంపనం రెండోదానికన్నా సరిగ్గా పావు తరంగం వెనకబడుతుంది. సోడియం దీపపు పసుపు వెలుగుకైతే ఆ మందం సుమారు 0.03 మిల్లీమీటర్లు. నెల్లూరు జిల్లాలో కరెంటు సామాన్ల కోసం అభ్రకం చీల్చిన ఆడవాళ్లకు అంత పల్చన కొత్తేమీ కాదు. 1869లో జర్మనీలో రాయిష్ అనే శాస్త్రవేత్త ఇలాంటి రేకుల్నే ఒక్కొక్కటీ ఒకే కోణంలో తిప్పుతూ పేర్చాడు. ఆ కట్ట క్వార్ట్జ్‌లాగా కాంతి కంపన తలాన్నే తిప్పేసింది. విడి రేకుకు లేని గుణం పేర్పుకు వచ్చింది.

నేర్పంతా వేళ్లదేనని నేనెప్పుడూ అనే మాట ఇక్కడా అనాలనిపించింది. కానీ పసుపుకు పావు తరంగమైన రేకు నీలానికి పావు కాదు. ఎంత ఒడుపుగా చీల్చినా ఈ లోపం పోదు. దాన్ని చాలావరకు సరిదిద్దే దారి చూపింది 1955లో బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న 21 ఏళ్ల పరిశోధకుడు పంచరత్నం. ఆయన మూడు రేకులు తీసుకున్నారు. బయటి రెండూ ఒకే దిక్కు. మధ్యది అర తరంగం రేకు, దాన్ని సుమారు 70 డిగ్రీలు తిప్పారు. ఒక రేకు రంగు రంగుకూ చేసే తప్పును మిగతావి చాలావరకు కొట్టేస్తాయి. ఆ కోణాలు ఆయనకు దొరికింది చేతి ఒడుపులో కాదు, ఒక గోళం మీద గీసిన రేఖల్లో. ఈ పనిలో నా ఓటు కాగితం మీది లెక్కకే.

ఓఎల్‌ఈడీ ఫోన్ తెరలోనూ ఇలాంటి లెక్కే పనికొస్తుంది. తెర వెనకాల లోహపు పొర ఉంటుంది. ఎండలో అది అద్దంలా మెరవకుండా ముందు పోలరాయిడ్‌తో కలిపి ఇలాంటి పొరలున్న ఫిల్మ్ అతికిస్తారు. పావు తరంగం పొర ఒక్కటే వేస్తే కొన్ని రంగులు తప్పించుకుని తిరిగొస్తాయి. దానికి అర తరంగం పొరను లెక్కించిన కోణంలో జోడిస్తే నలుపు నల్లగానే ఉంటుంది.