ఉడికితేనే ఎరుపు

డిజైన్ ఉద్యోగం వదిలి కలంకారీ నేర్చుకోవాలని ఎవరైనా బందరు (మచిలీపట్నం) పక్కనున్న పెడనకు వస్తే ముందు వదులుకోవాల్సింది తెరమీద రంగు ఎంచుకునే అలవాటు. ఇక్కడ అచ్చు వేసేటప్పుడు అసలు ఎరుపు కనిపించదు.

ముతక నూలు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెడతారు. గంజి వదిలి తెల్లబడ్డాక కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు తడిని అచ్చు అంచు దాటి పాకనివ్వదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు ఆ బట్టకు తగిలితే నల్లబడతాయి. గీతలన్నీ దానితోనే.

ఎర్రగా రావలసిన చోట వేసేది జిగురు కలిపిన పటిక. దానికి సొంత రంగు లేదు కాబట్టి గుర్తు కోసం కాస్త కచ్చా రంగు కలుపుతారు. పనివాడు టేకు అచ్చును బట్టమీద అదిమి, వెనక పిడికిలితో ఒక్కటి గుద్ది, పక్క అంచుకు జతచేస్తాడు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. చెక్కలో నిలవని సన్నగీత కాగితంమీద ఎంత బాగున్నా పనికిరాదు.

తర్వాత బట్టను పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన పటిక తెల్లభాగానికి అంటుకుంటుంది. కాలువ లేని ఊళ్లో ఈ పని సాగడం కష్టం. ఆపైన రాగి పాత్రలో జాజాకు, ఎర్రరంగు వేసి ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుది. తర్వాత అలిజరిన్ అనే రసాయన రంగు వచ్చింది. నీలం కావాలంటే మిగతా బట్టకు మైనం పూసి నీలిమందులో ముంచాలి.

ఈ తీరపు బట్టల కోసం 17వ శతాబ్ది మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగారు. మన దేశం నుంచి వచ్చే బట్టల ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్, 1700లో ఇంగ్లండు భారతీయ అద్దకాల మీద నిషేధాలు పెట్టాయి.

డిజైనర్లు రంగు తొట్టి దగ్గరికి రావడం కొత్తేమీ కాదు. అప్పటికే పేరున్న ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ 1870లలో ఇంగ్లండులోని లీక్ పట్టణంలో ఉన్న థామస్ వార్డిల్ కార్ఖానాలో స్వయంగా నీలిమందులో చేతులు ముంచి అద్దకం నేర్చుకున్నాడు. రసాయన రంగులు రాజ్యమేలుతున్న రోజులవి. రంగు ఎలా పుడుతుందో తెలిశాక గీసే గీత కూడా మారుతుంది. చేతిపని వల్ల డిజైనర్‌కు దక్కే అసలు లాభం అదే.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా అదే పేరుతో స్క్రీన్ ప్రింటు బట్టలు అమ్ముడవుతున్నాయి. కొనేవారు బట్ట తిరగేసి చూడండి, దేనితో ఉడికించారో అడగండి. డిజైనర్లకు ఒక్క మనవి: బట్టమీద మీ పేరు వేసుకునేటప్పుడు దాన్ని ఉడికించిన మనిషి పేరు కూడా వేయండి.